పార్టీ పత్రిక ఎవరి పత్రిక?

(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి చర్చలో ఒక తమ్ముడు లేచి అడిగాడు: "మనకి ఏరే పేపరెందుకు? ఎర్రజెండావోళ్ల పేపరు ఉన్నాది. కూలి గురించి రాస్తాది, బంజరు గురించి రాస్తాది. మన పక్షపత్రిక ఆపేసి, ఆ డబ్బుల్తో ఆ పేపరే పేటపేటకీ ఏయించుకుంటే పోదా?" అని. కొందరు అతని మీద కేకలేశారు. కేకలెయ్యక్కర్లేదు. చాలామంది మనసులో ఉన్న మాటే అతను పైకన్నాడు. జవాబు చెప్పాలంటే ఆ పేపర్లు ఎట్లా పుట్టాయో, ఎవరి డబ్బుతో నడిచాయో, ఎప్పుడు ఎవరి చేతిలోకి పోయాయో ముందు తెలియాలి.

1940ల నాటికి తెలుగులో పెద్ద దినపత్రికలు రెండు. ఒకటి ఆంధ్రపత్రిక, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చేది. దాన్ని పెట్టింది అమృతాంజనం కంపెనీ పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు. రెండోది ఆంధ్రప్రభ, 1938లో అదే మద్రాసులో మొదలైంది. అది గోయెంకా అనే సేఠుది. ఈ రెండింటిలో పాలేరు జీతం మొదటి పేజీకి ఎందుకెక్కుతుంది? ఎక్కదు.

కమ్యూనిస్టులు 1930ల చివర్లో 'నవశక్తి' అనే వారపత్రిక నడిపారు. యుద్ధం రోజుల్లో అది ఆగిపోయింది. 1942లో పార్టీ మీద నిషేధం ఎత్తేశాక 'ప్రజాశక్తి' వారపత్రికగా వచ్చింది, 1945లో దినపత్రిక అయింది. పుచ్చలపల్లి సుందరయ్య గారు తన వాటా ఆస్తి అమ్మి పార్టీకిచ్చిన మనిషి. పేరు చివర రెడ్డి అన్న తోక కూడా తీసేసుకున్నారు. ఆ త్యాగాన్ని మనం తక్కువ చెయ్యకూడదు. కానీ నాయకత్వం ఎక్కువగా భూమున్న కులాల నుంచి, కృష్ణా గుంటూరు వైపు నుంచి వచ్చిందన్నది కూడా నిజం. పత్రిక నడిపినవాళ్లూ వాళ్లే. మనవాళ్లు జెండా మోశారు, జైలుకెళ్లారు, పత్రిక అమ్మారు. ఏం రాయాలో తేల్చే గదిలో మనవాళ్లు ఎంతమంది కూచున్నారు? ఈ లెక్క ఇప్పటికీ అడగాల్సిందే.

తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతుండగా 1948లో మద్రాసు ప్రభుత్వం ప్రజాశక్తిని మూయించింది. నాలుగేళ్ల తర్వాత, 1952 జూన్ 22న, విజయవాడలో 'విశాలాంధ్ర' దినపత్రిక పుట్టింది. అప్పటికి ఆంధ్రరాష్ట్రం కూడా ఏర్పడలేదు. మన ఊళ్లు మద్రాసు రాష్ట్రంలో, తెలంగాణ హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం కావాలన్న డిమాండునే పేరుగా పెట్టుకుని ఆ పత్రిక వచ్చింది. ఆ రాష్ట్రం 1956 నవంబరు 1న వచ్చింది. అంటే పత్రిక పేరు నాలుగేళ్లు ముందు నడిచిందన్నమాట.

ఆ మధ్యలోనే 1955 ఎన్నికలు. పేపరు బలం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ ఎన్నికలు చూడండి. అంతకు ముందు 1952లో ఆంధ్ర ప్రాంతంలో నలభైకి పైగా సీట్లు గెలిచిన కమ్యూనిస్టులు ఈసారి అధికారం ఖాయమనుకున్నారు. ఎదర కాంగ్రెసు కూటమి, దాని వెనక ఆంధ్రప్రభ. ఆ పత్రిక సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు గారు కలం పట్టుకుని కమ్యూనిస్టుల మీద పడ్డారు. ఇటు విశాలాంధ్ర ఒక్కటీ జవాబు చెప్పాలి. ఫలితం ఏమైంది? నూటికి 31 ఓట్లు వచ్చాయి గానీ 196 సీట్లలో దక్కినవి 15. పేపరొక్కటే ఓడించిందని నేననను, పార్టీల పొత్తు కూడా ఓడించింది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. విశాలాంధ్ర తన పార్టీ పేరు దాచుకోలేదు. ఆంధ్రప్రభ ఏ పార్టీదీ కాదన్న పేరుతోనే ఒక పక్షాన నిలబడింది.

ఇక 1964. పార్టీ రెండయింది. విశాలాంధ్ర సీపీఐ చేతిలో ఉండిపోయింది. సీపీఎం వైపు వెళ్లినవాళ్లకు చేతిలో దినపత్రిక లేకుండా పోయింది. మళ్లీ 1981 ఆగస్టు 1న విజయవాడలో ప్రజాశక్తి పేరుతోనే దినపత్రిక తెచ్చుకునేదాకా పదిహేడేళ్లు పట్టింది. విశాలాంధ్రకు చక్రవర్తుల రాఘవాచారి గారు మూడు దశాబ్దాలకు పైగా సంపాదకులుగా ఉన్నారు, మంచి పేరు తెచ్చుకున్నారు. అది వేరే సంగతి. నేనడిగేది ఇదీ: పార్టీ విడిపోయిన రోజున, పన్నెండేళ్లుగా చందా కట్టిన పేటవాడిని ఎవరైనా పిలిచి, "నువ్వేటంటావు, పేపరు ఎటుండాలి?" అని అడిగారా? ప్రెస్సు, భవనం, కాగితం ఎవరి పేరున ఉంటే పత్రిక అటుండిపోయింది.

మన జిల్లాల సంగతి ఇంకొకటి. విజయవాడలో అచ్చయిన పేపరు రైల్లో ఆమదాలవలస దిగి, బస్సెక్కి, పాలకొండో వీరఘట్టమో చేరేసరికి వార్త పాతబడేది. చదివేవాడు ఊరికొకడు. 1967లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను కాల్చి చంపిన కబురు కొండల్లో పాకింది పేపరు వల్ల కాదు, నోటి మాట వల్ల, పాట వల్ల. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ కట్టి చెప్పారు. 1969 డిసెంబరులో ఆయన్ను చంపేశారు. జముకుకి ప్రెస్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. కానీ సర్వే నెంబరు, తారీకు, అర్జీ సంగతి పాటలో నిలబడవు. అవి కాగితం మీదే ఉండాలి.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు పుట్టింది. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు మన వైపు అప్పుడే మొదలు. 1980ల చివర్లో జిల్లా పేజీలొచ్చాయి, మండలం వార్త మండలంలోనే చదువుకోవడం మొదలైంది. మంచిదే. అయితే 1982లో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పెట్టినప్పుడు ఆ పత్రిక ఎటు నిలబడిందో లోకానికి తెలుసు. 2008 మార్చిలో జగన్మోహనరెడ్డి సాక్షి పెట్టారు. పార్టీ పత్రికంటే ఎర్రజెండాదొక్కటే అనుకోకండి. పేరు చెప్పుకునే పార్టీ పత్రిక ఒకటి, చెప్పుకోనిది ఇంకొకటి. చెప్పుకునేదాన్ని చదవడం తేలిక, ఏది ఎందుకు రాసిందో ముందే తెలుస్తుంది.

లోకంలో ఇంకెక్కడా ఇలా లేదా అంటే ఉంది. ఆర్మీనియన్లని ఒక జాతి. 1915 నుంచి తురుష్క ప్రభుత్వం వాళ్లను ఊళ్లకు ఊళ్లు ఊచకోత కోసి తరిమేస్తే దేశదేశాలు పట్టిపోయారు. చిత్రమేమిటంటే వాళ్ల భాషలో ప్రపంచంలోనే మొదటి పత్రిక 'అజ్దరార్' అచ్చయింది 1794లో మన మద్రాసులో! తర్వాత బీరూటులో చేరినవాళ్లు అక్కడ పార్టీకొక పత్రిక పెట్టుకున్నారు. 1927లో వచ్చిన 'అజ్దాగ్' దష్నాక్ పార్టీది, 1937లో వచ్చిన 'జార్తోంక్' రామ్‌గవార్ పార్టీది. భూమి పోయినా, ఊరు పోయినా పేపరు వదల్లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుకునే వీలు అక్కడి చదువరికుంది.

మన బాబాసాహెబు ఏం చేశారు? 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' తెచ్చారు. షాహూ మహారాజు 2500 రూపాయలిచ్చారు. ఆ పత్రిక వస్తోందన్న ప్రకటన డబ్బిస్తామన్నా కేసరి పత్రిక వెయ్యలేదు. మూక్‌నాయక్ ఆగిపోయింది. 1927లో 'బహిష్కృత భారత్' తెచ్చారు, అదీ ఆగింది. 1930లో 'జనతా' తెచ్చారు. ఇది బాగా గమనించండి. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టింది 1936లో. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషను 1942లో. పార్టీలు మారాయి, జనతా నడుస్తూనే ఉంది. 1956లో దాని పేరే 'ప్రబుద్ధ భారత్' అయింది. ఆయన దగ్గర పత్రిక ముందు, పార్టీ తర్వాత. తెలుగులోనూ హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ గారు 1931లో 'భాగ్యనగర్' పక్షపత్రిక నడిపారు, రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు 'జయభేరి' నడిపారు. 1985లో కారంచేడు జరిగాక, బొజ్జా తారకం గారి సంపాదకత్వంలో 1989లో 'నలుపు' వచ్చింది. ఇవేవీ పెద్ద పార్టీ పెట్టినవి కావు. అందుకే డబ్బుకి ఇబ్బంది పడ్డాయి. అందుకే ఎవరికీ భయపడకుండా రాయగలిగాయి.

కాబట్టి తమ్ముడూ, ఎర్రజెండా పేపరు వేయించుకో. కూలి పోరాటం వార్త అందులో దొరికినట్టు వేరే చోట దొరకదు. మనది మాత్రం ఆపొద్దు. 1996లో ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత పాత్రికేయుడి కోసం వెతికితే దొరకలేదని రాశాడు. మన మండల కేంద్రాల్లో ఇప్పుడు వెతికి చూడండి, ఎంతమంది తేలతారో!

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు మాలల ప్రాణాలు తీశారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరుకి ప్రభుత్వం తీసుకున్న భూమిలో మిగిలిన చెక్క దున్నుకున్నందుకు చంపారు. హత్య జరిగిన రోజున అన్ని పేపర్లూ పరిగెత్తి వస్తాయి. "ఇరు వర్గాల ఘర్షణ" అన్న మాట పేపర్లకి అలవాటు. ఇట్లాంటి ఊళ్లలో ముందు నుంచీ అర్జీలు పెట్టుకుంటున్న రోజుల్లో ఎవరొస్తారు? ఎవరూ రారు. ఆ రోజుల వార్త రాయాల్సింది మనమే.

రాయడం ఎట్లాగంటే, ముందు తారీకు. తర్వాత ఊరు, మండలం, సర్వే నెంబరు. అర్జీ ఎవరికిచ్చారు, రసీదు ఉందా లేదా. కంబారికి ఏడాదికి ఎంత ఇస్తున్నారు, బారికి పని ఎవరిచేత ఉచితంగా చేయిస్తున్నారు. మాల, మాదిగ, రెల్లి, పైడి, ఏ పేటో రాయండి, ఒక్క 'హరిజనవాడ' అని చుట్టెయ్యొద్దు. తిట్లు రాయొద్దు, తిట్లుంటే కోర్టులో కాగితం పనికిరాదు. ఇంకో పని కూడా చెయ్యండి. ఏ పేపరు చేతికొచ్చినా ముందు కిందటి గీత చదవండి. ప్రింటరు, పబ్లిషరు, ఎడిటరు ఎవరన్నది చట్ట ప్రకారం అక్కడ అచ్చెయ్యాలి. మొదటి పేజీ దాని తర్వాత చదవొచ్చు.

భోజనాలయ్యాక పేటల వారీగా కూచుందాం. ఏ పేట నుంచి ఎవరు రాస్తారో, చదువు రాని చోట ఎవరు చెప్తే ఎవరు రాసుకుంటారో పేర్లు ఎక్కిద్దాం. చందా పుస్తకాలు బల్ల మీదున్నాయి.