మన పేరు మీద ఏముందో ముందు మనమే చూసుకుందాం
(సంత్ సేవాలాల్ జయంతి సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

జై సేవాలాల్!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రోజు నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లూ రాజ్యాలూ దాటి వ్యాపారం చేశారు. వాళ్లకు మాటే పూచీకత్తు. ఇప్పుడు మనం బ్యాంకు మెట్లెక్కకముందే మన గురించి రాసిన కాగితం అక్కడికి చేరిపోతోంది. అదే క్రెడిట్ రిపోర్టు. మనవాళ్లంతా సిబిల్ అంటుంటారు. మన గురించి వేరేవాళ్లు రాసిన ఆ కాగితాన్ని మనలో ఎంతమంది చదివారు? నేనూ చదవలేదు. దానికి ఎంత మూల్యం కట్టానో చెబుతాను.

2022లో తాండాలో మా ఇంటి పైకప్పు దిగిపోయింది. రెండు లక్షల అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళ్లాను. మేనేజరు కంప్యూటర్లో చూసి, "పద్దెనిమిది వేల ఫోన్ లోను ఎగ్గొట్టావు, నీకు ఇవ్వలేం" అన్నాడు. నేను ఎప్పుడూ వాయిదాల మీద ఫోన్ కొనలేదు. రిపోర్టులో పేరు నాది, పాన్ నాది. చిరునామా మాత్రం నేను ఎన్నడూ చూడని ఊరిది. బెంగళూరులో చదివేటప్పుడు రూము కోసం, సిమ్ కోసం, పని కోసం ఎన్ని చోట్ల ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చానో లెక్కలేదు. ఎక్కడి నుంచి జారిందో ఈరోజుకూ తెలియదు.

దాన్ని సరిచేయించడానికి ఐదు నెలలు పట్టింది. వాన ఆగదు కదా! నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాం. నెలకు ఆరు వేలు, ఐదు నెలలకు ముప్పై వేలు. నాది కాని పద్దెనిమిది వేల అప్పుకు నేను ముప్పై వేల వడ్డీ కట్టాను. ఏడాదికి ఒక్కసారి పది నిమిషాలు కూర్చుని చూసుకుని ఉంటే ఇది ముందే బయటపడేది.

ఇది నా ఒక్కడి కథ అనుకోవద్దు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. భూమి కాగితం మీద వేసిన వేలిముద్ర కూడా దొంగ చేతికి పనిముట్టయింది.

ఇక చూసుకునే పద్ధతి. మన దేశంలో ఈ రిపోర్టులు తయారుచేసే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. 2017 నుంచి అది అమల్లో ఉంది. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులోనే తీసుకోండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. అంకె చూసి మూసేయకండి, లోపల చదవండి. మొదట పేరు, చిరునామాలు, ఫోన్ నంబర్లు. మీది కాని చిరునామా ఉందా? తర్వాత అప్పుల పట్టిక. ఏ నెల కంతు ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో ఉంటుంది. చివర ఎంక్వైరీలు, అంటే మీ పేరు మీద అప్పు కోసం ఎవరెవరు రిపోర్టు అడిగారో ఆ జాబితా. మీరు వెళ్లని సంస్థ పేరు అక్కడుంటే అనుమానించాల్సిందే.

"సెటిల్డ్" అన్న మాట కనిపిస్తే అప్పు తీరిపోయిందని సంబరపడొద్దు. పూర్తిగా కట్టకుండా కొంతకు రాజీ పడ్డారని దాని అర్థం. పూర్తిగా కట్టినదానికి "క్లోజ్డ్" అని ఉండాలి.

ఇంకో సంగతి మన తాండాలదే. మొహమాటానికి మన యాడి తన పేరు మీద గ్రూపు లోను తీసి వేరేవాళ్లకు ఇస్తుంది. స్నేహితుడి బండికి మనం జామీను సంతకం పెడతాం. వాళ్లు కట్టకపోతే మచ్చ మన రిపోర్టు మీదే పడుతుంది. డబ్బు అరువిస్తే డబ్బు పోతుంది. పేరు అరువిస్తే రేపు మన పిల్లల చదువుకు పుట్టే అప్పు కూడా పోతుంది.

వానలు మొహం చాటేసి శెనక్కాయ పంట పోయినప్పుడు మనం వలస పోతాం. పోయినచోట కొత్త సిమ్ తీసుకుని పాతది వదిలేస్తాం. ఎవరైనా మన రిపోర్టు తీస్తే మెసేజ్ పంపాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ మెసేజ్ వదిలేసిన నంబరుకు పోతే మనకు తెలిసేదెలా? నంబరు మారిన వారంలోనే బ్యాంకులోనూ ఆధార్‌లోనూ మార్పించుకోండి. సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోండి. వాడనప్పుడు ఆధార్ వేలిముద్రను లాక్ చేసుకోండి. జిరాక్స్ ఇచ్చేటప్పుడు ఎవరికి, దేనికోసం, ఏ తేదీన అన్నది దాని మీదే అడ్డంగా రాయండి.

తప్పు కనిపిస్తే భయపడకండి. రిపోర్టు ఇచ్చిన కంపెనీకీ, అప్పు ఇచ్చామంటున్న సంస్థకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు దాచుకోండి. మోసమైతే 1930కి ఫోన్ చేయండి, స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వండి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. నా గొడవప్పుడు అది లేదు. మీకుంది, వాడుకోండి. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. "డబ్బిస్తే స్కోరు పెంచుతాం" అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. ఉన్న నిజాన్ని ఎవరూ చెరపలేరు. ఉన్న తప్పును మీరే ఉచితంగా దిద్దించుకోవచ్చు.

మీ అందరినీ ఒక్కటే కోరుతున్నాను. ఈ రాత్రి భోగ్ భండారో అయ్యాక ఇంటికి వెళ్లి మీ రిపోర్టు తీయండి. రేపు యాడి పక్కన కూర్చుని, ఆమె ఒప్పుకుంటే ఆమెదీ తీసి, ప్రతి వరుసా ఆమెకు చదివి వినిపించండి. మన పెద్దలు మాట మీద నిలబడి పేరు సంపాదించారు. ఆ పేరును ఎవరో వాడుకుని పోకుండా చూసుకోవడం చదువుకున్న మన బాధ్యత.

జై సేవాలాల్!