అన్నవాహికకు రంగుల పరీక్ష



ఉంగుటూరు, నూజివీడు ప్రాంతముల వారికి మామిడిని గూర్చి చెప్పబనిలేదు. ముదిరిన పచ్చికాయను కోసి, దానిపై అయొడిను చుక్క వేసినచో కండ నల్లబారును. బాగుగా మాగిన పండుపై వేసినచో అట్లు నల్లబారదు. కాయలోని పిండిపదార్థము మాగునప్పుడు చక్కెరగా మారుటయే యిందులకు హేతువు. కంటికి తెలియని భేదమును రంగు తెలుపుచున్నది. ఈ యుపాయమునే వైద్యులు అన్నవాహిక పరీక్షయందును వినియోగింతురు.

జఠరమందలి ఆమ్లము మాటిమాటికి అన్నవాహికలోనికి ఎగదన్నుటచే రొమ్ములో మంటయు, పులిత్రేన్పులును గలుగును. నోటిద్వారా ఎండోస్కోపు గొట్టమును దింపి చూచినప్పుడు కొందరికి పుండ్లు స్పష్టముగా గానవచ్చును. పెక్కుమందికి మాత్రము లోపలిపొర మామూలుగనే తోచును. "నీకేమియు లేద"ని యింటికి పంపినంతమాత్రమున వారి మంట చల్లారునా?

అట్టిచోట లుగోలు ద్రావకము కొంత సాయపడును. ఫ్రెంచి వైద్యుడు లుగోల్ దీనిని 1829లో కూర్చెను. అన్నవాహికయొక్క లోపలిపొరలో గ్లైకోజెను అను పిండిజాతి పదార్థము గలదు. అయొడిను సోకగానే ఆరోగ్యవంతమగు పొర గోధుమవన్నె దాల్చును. ఆమ్లముచే చెడినచోట గ్లైకోజెను తగ్గుటచే రంగు పట్టదు. అంతవరకు కంటబడని చారలు కొందరిలో అప్పుడు బయటపడును.

దీర్ఘకాలము ఆమ్లము తగులుటచే కొందరిలో ఆ పొర ప్రేగు పొరవలె మారును. దీనికి బారెట్ అను శస్త్రవైద్యుని పేరు పెట్టిరి. ఇది కొలదిమందిలో పుట్టకురుపునకు దారి తీయవచ్చును. ఇట్టి పొర అయొడినును గ్రహింపదు. మిథిలీను నీలిరంగును మాత్రము పీల్చుకొనును.

అయితే రంగు సాక్షియే గాని తీర్పరి గాదు. రంగు పట్టని చోటెల్ల ఆమ్లదోషమే యనరాదు. పుట్టకురుపు సోకిన చోటను రంగు పట్టదు. కావున చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూడవలయును. ఆమ్లము ఎగదన్నుటను రూఢి చేయుటకు 24 గంటల కొలత గలదు. అయొడిను పడనివారును, థైరాయిడు వ్యాధి గలవారును ముందుగనే వైద్యునికి తెలుపవలయును. ఇప్పుడు పలుచోట్ల రంగు పూయకయే ప్రత్యేకకాంతితో చూచు ఎండోస్కోపులును వచ్చినవి.

మంట గలవారికందరికిని ఈ పరీక్ష అక్కరలేదు. కాని మ్రింగుట కష్టమైనను, కారణము లేక చిక్కిపోయినను, నెత్తురు కక్కినను, మలము నల్లబడినను, ఆవకాయ కారముపై నెపము వేసి కాలము గడుపక, వెంటనే వైద్యుని జేరుట శ్రేయస్కరము.