నిమ్మరసం పోసినా విరగని మీగడ: మూడే వస్తువులతో లెమన్ పోసెట్

ఈ రోజు స్టవ్ మీద పది నిమిషాలు, ఫ్రిజ్‌లో నాలుగు గంటలు. అంతే పని. క్రీమ్, చక్కెర, నిమ్మకాయ. జెలటిన్ లేదు, గుడ్డు లేదు, ఓవెన్ లేదు, కస్టర్డ్ పౌడర్ కూడా లేదు. అయినా స్పూన్ పెడితే మెత్తగా దిగే స్వీట్ తయారవుతుంది. పేరు లెమన్ పోసెట్.

ముందు ఈ నిమ్మకాయల సంగతి చెప్పాలి. మాది గూడూరు వైపు. నిమ్మ గురించి తెలిసిన వాళ్లకి గూడూరు మార్కెట్ గురించి చెప్పక్కర్లేదు. మా నాయనకి రెండెకరాల నిమ్మతోట ఉంది. ఎండాకాలంలో రేటు బాగుంటుంది, అప్పుడు చెట్టుకి కాయ తక్కువ. వానలు పడి కాయ విరగ్గాసే టైమ్‌కి రేటు పడిపోతుంది. పోయిన సీజన్‌లో ఒకరోజు కోత కూలి, ఆటో, కమీషన్ పోను నాయన చేతికి 150 రూపాయలు వచ్చాయి. మూడు బస్తాలకి!

ఆ తర్వాత వారం ఒక గోనెసంచి నిండా కాయలు బస్సులో వేసి నాకు పంపించాడు. ఫోన్ మాత్రం అమ్మ చేసింది. "పారబోసేదాని కన్నా నువ్వు తింటావని వేసినాడు" అంది.

నాయన ఎందుకు చేయలేదంటే, అప్పటికి నాలుగు నెలలుగా నాతో మాట్లాడట్లేదు. నేను ఉద్యోగం మానేశానని. బీటెక్ చదివించాడు, బోరు వేయడానికి తెచ్చిన అప్పు నా జీతంతో కడుతున్నాం, నేనేమో ఫోన్ ముందు నిలబడి వీడియోలు చేస్తానంటున్నా. ఆయన కోపంలో న్యాయం లేదని నేను అనను.

సరే, సంచి వచ్చింది. పచ్చడి పెట్టా, షర్బత్ చేశా, పక్క ఫ్లాట్ ఆంటీకి ఇచ్చా. ఇంకా సగం సంచి ఉంది. అప్పుడు దొరికింది ఈ పోసెట్.

ఇది ఇంగ్లండ్ వంటకం. మొదట్లో స్వీట్ కాదు, తాగేది. వందల ఏళ్ల కిందట అక్కడ వేడిపాలలో వైన్ గానీ, ఏల్ అనే బీరు గానీ పోసి విరగ్గొట్టి, మసాలాలు వేసి, జలుబు చేసినప్పుడు, పడుకునే ముందు తాగేవాళ్లు. మనకి పసుపు పాలు, మిరియాల పాలు ఎలాగో వాళ్లకి ఇది అలాగ అన్నమాట. షేక్స్‌పియర్ మాక్బెత్ నాటకంలో రాజుగారి కాపలావాళ్లకి లేడీ మాక్బెత్ మత్తుమందు కలిపి ఇచ్చేది పోసెట్‌లోనే. తర్వాత ఆ వేడి పానీయం పోయింది, పేరు మాత్రం ఈ చల్లటి నిమ్మకాయ స్వీట్‌కి మిగిలింది.

ఇప్పుడు మీకు ఒక డౌట్ రావాలి. పాలలో నిమ్మరసం పోస్తే విరుగుతాయి కదా, పన్నీర్ చేసేది అలాగే కదా, మరి క్రీమ్ ఎందుకు విరగదు?

సింపుల్‌గా చెప్తా. పాలలో కేసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. పులుపు తగిలితే అది ఒకదానికొకటి అతుక్కుంటుంది. పాలలో కొవ్వు తక్కువ, నీళ్లు ఎక్కువ. కాబట్టి ఆ ప్రొటీన్ అడ్డం లేకుండా పెద్ద పెద్ద ముద్దలు కట్టి, నీళ్లు విడిపోతాయి. చిక్కటి క్రీమ్‌లో కథ వేరు. కొవ్వు చాలా ఎక్కువ, ప్రొటీన్ తక్కువ. ఆ ప్రొటీన్ అతుక్కుందామని చూస్తే మధ్యలో కొవ్వు బిందువులు అడ్డం పడతాయి. ముద్ద కట్టలేదు, సన్నటి వలలాగా అల్లుకుంటుంది. ఆ వలలో కొవ్వు, నీళ్లు చిక్కుకుపోతాయి. చల్లారేసరికి మొత్తం గట్టిపడుతుంది. పన్నీర్ చేసిన పులుపే ఇక్కడ పోసెట్ చేసింది. తేడా అంతా కొవ్వులో ఉంది.

అందుకే నాకు మొదటిసారి ఫెయిల్ అయింది. ఇంగ్లండ్‌లో వాడే డబుల్ క్రీమ్‌లో కొవ్వు 48 శాతం దాకా ఉంటుంది. మన కిరాణా షాపుల్లో దొరికే చిన్న ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ మీద చూడండి, ఎక్కువగా 25 శాతమే ఉంటుంది. నేను అది చూడకుండా వాళ్ల కొలతలే దించేశా. టెస్ట్ చేయకుండా కాపీ పేస్ట్ చేసిన కోడ్ లాగే అయింది. తెల్లారి చూస్తే కప్పులో చిక్కటి మజ్జిగ ఉంది.

సరే, పనిచేసిన పద్ధతి చెప్తా, రాసుకోండి.

క్రీమ్ 400 మిల్లీలీటర్లు. చక్కెర 100 గ్రాములు. నిమ్మరసం 50 మిల్లీలీటర్లు, అంటే మన నిమ్మకాయలు నాలుగైదు. ఐదు చిన్న కప్పులకి వస్తుంది.

క్రీమ్ 35 శాతం, ఆ పైన కొవ్వు ఉన్నది దొరికితే బెస్ట్. డెయిరీ విప్పింగ్ క్రీమ్ అని అడగండి. కేకుల మీద వేసే వెజిటబుల్ ఆయిల్ క్రీమ్ వద్దు. అది పాల క్రీమ్ కాదు, ఈ లెక్క దానికి పనికిరాదు. ప్యాకెట్ వెనక మిల్క్ ఫ్యాట్ అని ఉందో లేదో చదవండి.

25 శాతం ప్యాకెట్లే దొరికితే దిగులు పడొద్దు, చిన్న లెక్క ఉంది. 400 మిల్లీలీటర్లలో కొవ్వు సుమారు 100. దాన్ని సన్నమంట మీద కలుపుతూ 300కి వచ్చేదాకా మరిగిస్తే నీళ్లే పోతాయి, కొవ్వు అలాగే ఉంటుంది. అంటే 33 శాతం అయింది. చక్కెర 75 గ్రాములు, రసం 40 మిల్లీలీటర్లు చాలు. మరీ గట్టిగా రాదు గానీ స్పూన్‌తో తినేలా వస్తుంది.

ఇంట్లో గేదెపాల మీగడ ఉంటే అదీ వాడొచ్చు. కానీ రెండు రోజులకి మించి దాచింది వద్దు. అది అప్పటికే కొంచెం పులిసి ఉంటుంది, కాచగానే విరిగిపోతుంది.

ఇప్పుడు పని. లోతైన స్టీల్ గిన్నె తీసుకోండి. అల్యూమినియం, ఇత్తడి వద్దు, పులుపు పోస్తున్నాం కాబట్టి. గిన్నె పెద్దది ఎందుకంటే క్రీమ్ పాలకన్నా ఘోరంగా పొంగుతుంది. క్రీమ్, చక్కెర వేసి, రెండు నిమ్మకాయల పైతొక్క సన్నగా తురిమి వేయండి. మన నిమ్మకాయ తొక్క పల్చన, కాబట్టి పైపైన గీరండి. కింద తెల్లభాగం తగిలితే చేదు.

చక్కెర కరిగి పొంగు రాగానే మంట తగ్గించి సరిగ్గా మూడు నిమిషాలు మరగనివ్వండి. ఇక్కడ ఫోన్ పక్కన పెట్టండి, ప్లీజ్. తర్వాత స్టవ్ ఆపేసి, గిన్నె కిందికి దించాకే నిమ్మరసం పోయాలి. పోస్తూ కలపండి. అప్పుడే కొంచెం చిక్కబడ్డం కనిపిస్తుంది. పది నిమిషాలు వదిలేసి, టీ జల్లెడలో వడకట్టి కప్పుల్లో పోయండి. పూర్తిగా చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు. మూత ఎందుకంటే లేకపోతే రాత్రి సాంబారు వాసన పడుతుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. త్వరగా అవుతుందని పెడితే ఐసు ముక్కలు వచ్చి నునుపు పోతుంది.

పైన దానిమ్మ గింజలు, లేదా నలిపిన మేరీ బిస్కెట్. ఏమీ లేకపోయినా బాగుంటుంది. రెండు రోజుల్లో తినేయండి.

ఇది సెట్ అయిన రెండోసారే నాయన హైదరాబాద్ వచ్చాడు. కంటి పరీక్ష ఉంది, ఇంకో దారి లేక నా దగ్గర దిగాడు. మొదటి రోజంతా "ఊ", "ఆ" అంతే. రాత్రి అన్నం తిన్నాక ఏమీ చెప్పకుండా ఒక కప్పు ముందు పెట్టా.

ఒక స్పూన్ తిన్నాడు. "ఏంది పాపా ఇది?"

"మన కాయలే నాయనా."

"ఎన్ని పట్టినయ్?"

"ఐదు కప్పులకి ఐదు."

నవ్వినట్టు అనిపించింది. "కప్పుకి ఒక కాయ. బజార్లో ఇది ఎంతకి అమ్ముతారు?"

పెద్ద కేఫ్‌లలో ఇలాంటిది 200 దాకా ఉంటుందని చెప్పా. కప్పు తిప్పి చూశాడు. మూడు బస్తాలకి 150 తెచ్చుకున్న మనిషి ఆయన. నేను ఆ అంకె చెప్పకుండా ఉండాల్సింది అనిపించింది.

కాసేపాగి, నాలుగు నెలల్లో అడగని మాట అడిగాడు. "నీ వీడియోలకి నెలకెంత వస్తాంది?"

నేను ఇంటికి చెప్పేటప్పుడు ఆ లెక్క ఎప్పుడూ కొంచెం పెంచి చెప్పేదాన్ని. ఆ రోజు ఉన్నదే చెప్పా. పాత జీతంలో నాలుగో వంతు కూడా లేదు. సంవత్సరం టైమ్ పెట్టుకున్నానని, కాకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటానని, బోరు కంతు మాత్రం నా సేవింగ్స్‌లోంచి ఆగకుండా కడతానని చెప్పా.

ఆయన సరే అనలేదు. వద్దనీ అనలేదు. "ఇంకోటి ఉందా?" అని అడిగాడు. రెండో కప్పు తెచ్చి ఇచ్చా. ఊరికి వెళ్లాక ఫోన్ ఆయనే చేశాడు. "ఈసారి సన్న కాయ పంపించా, రసం ఎక్కువుంటది, చూసి పోయి" అన్నాడు. ఆ సంచిలోవే ఈ రోజు మీ ముందు పిండినవి.

ఒప్పుకున్నాడా అంటే నాకు తెలీదు. టైమ్ ఇంకా ఐదు నెలలుంది, లెక్క ఇంకా కుదర్లేదు. కానీ మేమిద్దరం ఇప్పుడు నిజం అంకెలు మాట్లాడుకుంటున్నాం.

మీరు కూడా చేసి చూడండి. సెట్ కాకపోతే ముందు క్రీమ్ ప్యాకెట్ మీద శాతం చూడండి, తప్పు ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది. సెట్ కానిది పారబోయకండి, గ్లాసులో పోసి చల్లగా తాగేయండి, నేను అదే చేశా. ఇంకొకటి, నిమ్మకాయలు కొనేటప్పుడు బండి దగ్గర మరీ గీచి గీచి బేరమాడకండి. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.