వెల్డింగు విద్య – మన ఇంజనీరు పిల్లలు

(పెనుగొలనులో జరిగిన సంఘ వార్షిక సమావేశమందు ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఉర్దూ అక్షరాలు దిద్దించే పంతులుకు వెల్డింగు సంగతి దేనికని మీకు సందేహం కలుగవచ్చును. కారణం మా ఇంట్లోనే వున్నది.

మా మేనల్లుడు ఇంజనీరింగు ప్యాసై ఒక కంపెనీలో చేరాడు. వానాకాలం. మందపాటి ఉక్కు పైపుల పని జరుగుతున్నది. అక్కడి పెద్ద వెల్డరు, మనం ఉస్తాద్ అంటామే, అలాంటివాడు. "సార్, రాడ్లకు చెమ్మ పట్టింది, ఓవెన్‌లో పెట్టించండి" అన్నాడట. మావాడికి ఆ మాట అర్థం కాలేదు. పని ఆగిపోతుందని "కానివ్వండి" అన్నాడు. సాయంత్రానికి అతుకు నున్నగా కనబడింది. రిజిస్టరులో సంతకం పెట్టేశాడు. రెండు రోజులకు అతుకు పక్కన సన్నని పగులు బయటపడింది. పైవాళ్లు వచ్చి ఉస్తాద్ కూలిలో కోత పెట్టారు. మావాడు నోరు మెదపలేదు. ఈ మాట నాతో చెప్పి తల వంచుకున్నాడు.

పగులు ఎందుకు వచ్చిందో తరువాత తెలుసుకున్నాము. రాడ్డు పూతలోని తేమ ఆర్కు వేడికి విడిపోయి హైడ్రోజను పుడుతుంది. అది కరిగిన ఉక్కులోనికి దూరుతుంది. ఉక్కు చల్లారాక, అతుకు పక్కన గట్టిపడి పెళుసెక్కిన భాగాన్ని లోపలినుంచి చీలుస్తుంది. ఒక్కొక్కసారి 48 గంటలు గడిస్తేగాని కనబడదు. అందుకే 7018 రకం రాడ్లను 300 డిగ్రీల సెంటీగ్రేడుకు పైన ఓవెన్‌లో వేడిచేసి తేమ పోగొట్టి, వెచ్చగానే వుంచి వాడాలి. ఉస్తాద్‌కు చేతి అనుభవంతో తెలిసిన ఈ సంగతి పట్టా వున్న మావాడికి తెలియలేదు.

మరొక లోపం డ్రాయింగు గీసేచోట వున్నది. అతుకు ఎంత లావైతే అంత గట్టి అనే భ్రమ. లెక్క వేయండి. మూల అతుకుకు 6 మిల్లీమీటర్ల భుజమైతే దాని వైశాల్యం 18 చదరపు మిల్లీమీటర్లు. 12 అయితే 72. భుజం రెండింతలైతే లోహం నాలుగింతలు! రాడ్లూ అన్నింతలే. పైగా ఆ వేడికి పలక వంకర పోతుంది.

పెద్ద దేశాలూ ఈ పాఠం నష్టపోయే నేర్చుకున్నాయి. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండులో స్కెనెక్టడి అనే కొత్త చమురు ఓడ, రేవులో కట్టివుండగానే రెండుగా విరిగింది. అప్పటి ఉక్కు చలికి పెళుసెక్కేది. రివిట్లు కొట్టిన ఓడలో పగులు పలక అంచు దగ్గర ఆగే వీలుండేది. వెల్డింగుతో ఓడంతా ఒకే ముక్క కావడంతో పగులుకు అడ్డు లేకపోయింది.

మన దగ్గరకు వద్దాము. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో నడిచింది. అలాంటి చోట బాయిలరు గొట్టాలకు వేలకొద్దీ అతుకులుంటాయి. 1950 నాటి భారత బాయిలరు నియమాల ప్రకారం వాటిని అతికే వెల్డరు పరీక్ష నెగ్గాలి. వెల్డరు చేతికి పరీక్ష వున్నది గదా, సంతకం పెట్టే కుర్రవాడు తన్ను తాను పరీక్షించుకోవద్దా?

నాకు తోచిన మార్గాలు మూడు. ఒకటి, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఇంజనీరు హోల్డరు పట్టాలి. నాలుగు అతుకులు వేసి, వాటిని విరిచి లోపల చూడాలి. రెండు, తిరుచిరాపల్లిలో బి.హెచ్.ఇ.ఎల్. వారు 1975లో నెలకొల్పిన వెల్డింగు పరిశోధన సంస్థ శిక్షణ యిస్తున్నది. దానికి పంపమని పిల్లలు తమ కంపెనీలను అడగాలి. మూడు, మన సంఘం చేయదగినది. పని విధానం రాసిన కాగితాలు ఇంగ్లీషులో వుంటాయి. పని చేసే ఉస్తాద్‌లు తెలుగు, ఉర్దూ మాట్లాడతారు. సెలవుల్లో వచ్చిన ఇంజనీరు పిల్లలు ఆ కాగితాలు చదివి విప్పి చెప్పాలి. తిరువూరు నుంచి, బెజవాడ ఆటోనగర్ నుంచి ఉస్తాద్‌లను పిలిస్తే వారు చేసి చూపుతారు. ఉర్దూలో బోర్డు మీద రాసే పని నాది. ఇల్మ్, హునర్ ఒకే బల్ల మీద కూర్చోవాలి.

మావాడు ఆ ఉస్తాద్ ఇంటికి వెళ్లి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. "రేపు హోల్డరు పట్టండి సార్" అన్నాడట ఆయన. కోసిన కూలి మాత్రం తిరిగి రాలేదు. ఇక మీదట మన పిల్లల సంతకం మూలాన మరొకరి కూలి పోకూడదు. అదే నా మనవి. సెలవు.