దర్జీ పెట్టెలోని మాటలు

రాయచోటి బజారులో ఒక దర్జీ పెట్టెను తెరచి చూడుడు. సూదియు, కత్తెరయు సంస్కృతపు ‘సూచి’, ‘కర్తరి’ శబ్దములనుండి పుట్టినవి. దర్జీ, అస్తరు పారసీక పదములు. వ్రేలికి తొడుగుకొను అంగుస్తానాయు నట్టిదే; మన అంగుష్ఠమునకు దాయాది. బొత్తాము, కాజా అనునవి 1498 తరువాత పడమటి తీరమున దిగిన బుడతకీచుల, అనగా పోర్చుగీసువారి, మాటలు. వారి భాషలో ‘కాజా’ యనగా ఇల్లు. బొత్తామునకు ఇల్లన్నమాట! ఇవి మనవి కావని త్రోసివేయ బూనిన పండితుడు తన చొక్కాను మూసికొనుట యెట్లో నాకు దెలియదు.

నా చింత వేరొకటి. కడపలో పండితులను గూర్చి పనిచేయించిన బ్రౌను దొర 1852లో వెలువరించిన నిఘంటువున దబ్బనము గలదు. బొంతయు గలదు. నేడు మనుమలు దబ్బనమును ‘పెద్దసూది’ యనుచున్నారు. గోనెమూతి కుట్టువాడు ఇంట లేనప్పుడు ఆ పేరుతో పనియేమి? మీ చూరులో వేరుసెనగ గోనెలు కుట్టిన దబ్బనము చెక్కియున్నచో తీయుడు. తుప్పు వదలించి, పురికొస యెక్కించి, పిల్లవానిచేత ఒక్క గోనె కుట్టింపుడు. పేరు వాడే యడుగును. మొన మాత్రము జాగ్రత్త.