మందుల చీటీ – మన హక్కు
(మహిళల ఆరోగ్య హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కు అనగానే పెద్దాసుపత్రులూ, ఆపరేషన్లూ గుర్తొస్తాయి. నేను మాత్రం మన వీధి చివర క్లినిక్‌లో డాక్టరుగారు రాసిచ్చే మందుల చీటీ గురించే మాట్లాడతాను. చిల్లర చిల్లరగా మన కూలిడబ్బు పోయేది అక్కడే.

మా బస్తీలో ఆడవాళ్ళు దాచుకున్న చీటీలు కొన్ని ముందేసుకుని చూశాం. జ్వరమని వెళ్ళినా, నడుంనొప్పని వెళ్ళినా, నీరసమని వెళ్ళినా వరస ఒకటే. ఒక సూది, ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర, దానివల్ల కడుపులో మంట రాకుండా గ్యాస్ మాత్ర, చివర ఒక టానిక్ సీసా. అన్నీ కంపెనీ పేర్లే. అవి దొరికేది క్లినిక్‌ని ఆనుకుని ఉన్న మందుల షాపులోనే.

వీటిలో అవసరమైనవెన్ని? జలుబూ, చాలా రకాల జ్వరాలూ వైరస్ వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. నీరసానికి ఎక్కించే 5 శాతం గ్లూకోజు అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చెంచాల పంచదారపాటి. మన నీరసానికి తరచు కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువ. దానికి కావలసిన ఐరన్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి.

మరి ఇవే ఎందుకు రాస్తారు? డాక్టరొక్కరినే తిట్టి ఊరుకుంటే లాభం లేదు. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కింద, ముఖ్యంగా అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికే ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. జాబితాలో లేని టానిక్కులకూ, అనేక కలగలుపు మందులకూ కంపెనీ తనకు తోచిన ధర పెట్టి, ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. లాభం ఎక్కడుంటే ప్రచారం అక్కడే. 2016 మార్చిలో కేంద్రం 344 కలగలుపు మందులను నిషేధిస్తే కంపెనీలు కోర్టుకెక్కాయి. 2018లో వాటిలో 328ని మళ్ళీ నిషేధించాల్సి వచ్చింది.

ఈ భారం ఇంట్లో అందరి మీదా ఒకేలా పడదు. భర్తకూ పిల్లలకూ చీటీ మొత్తం కొంటాం. మన చీటీకి వచ్చేసరికి "రెండు రోజులకివ్వు చాలు" అంటాం. అందులో ఏది నిజంగా అవసరమో మనకెవరూ చెప్పరు. టానిక్ కొని, అసలు మందు సగంలో ఆపేస్తాం. జబ్బు తిరగబెడుతుంది, మళ్ళీ అప్పు చేస్తాం.

చట్టం మనకు కొంత అండగా ఉంది. 2002 వైద్య నియమావళికి 2016లో చేసిన సవరణ ప్రకారం, డాక్టరు మందు అసలు పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలి. 2023లో దీన్ని మరింత కట్టుదిట్టం చేస్తూ వచ్చిన నియమాలను అదే నెలలో నిలిపివేశారు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కాబట్టి చీటీ చేతికిచ్చినప్పుడు అడుగుదాం: "ఈ మందు దేనికండీ? ఇది మానేస్తే ఏమవుతుంది? అసలు పేరు రాస్తారా?" షాపులో బిల్లు అడుగుదాం. అసలు పేరుంటే జన ఔషధి కేంద్రంలోనూ కొనుక్కోవచ్చు.

ఒక్కరం అడిగితే విసుక్కుంటారు. అందుకే సంఘంగా అడగాలి. తమిళనాడు 1995 నుంచి ఒక కార్పొరేషన్ ద్వారా టోకున మందులు కొని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తోంది. మన ఆరోగ్య కేంద్రంలో కూడా మందులు ఏడాది పొడవునా ఉండాలని, ఏవున్నాయో బోర్డు మీద తెలుగులో రాయాలని పట్టుబడదాం. మందు దొరకడం దయ కాదు, హక్కు.