ఇనుముకొఱకు నేలలో జరుగు పోరు



రాయపూరు ప్రాంతమునకు వరిపంటవలన ప్రసిద్ధి కలిగినది. వరి కోసిన పిమ్మట ఇచ్చటి రైతు నల్లరేగడి చేలలో శనగ విత్తును. ఆ నల్లనేలను ఈ ప్రాంతమువారు కన్హార్ అందురు. ఎఱ్ఱని గరుసునేలను భాటా అందురు. ఈ రెండు పేర్లును జ్ఞాపకముంచుకొనదగినవి.

శనగకు పరమశత్రువు ఎండుతెగులు. ఫ్యుజేరియం అను శిలీంధ్రము వేరుగుండా ప్రవేశించి, నీరు ప్రాకు నాళములను మూసివేయును. పచ్చగానున్న మొక్క కొలది దినములలో వాడి వ్రాలిపోవును. శనగ వేయకున్నను ఆ శిలీంధ్రము ఆఱేండ్లవఱకు నేలలో నిలిచియుండగలదు. కావున ఒకటి రెండేండ్లు పంట మార్చినంతమాత్రమున రైతునకు విముక్తి లేదు.

అయితే అదే నేలలో రైతునకు మిత్రులును కలరు. వేళ్లచుట్టును నివసించు సూడోమోనాస్ బాక్టీరియాలు శత్రువునకు కావలసిన ఇనుమును ముందుగా తామే చేజిక్కించుకొనును. భూమి పైపొరలో నూటికి సుమారు 5 పాళ్లు ఇనుమే. అయినను గాలియాడు నేలలో అది త్రుప్పువలె గట్టిపడి కరగకుండును. నిండిన కొట్టునకు తాళము పడినట్లన్నమాట. ఆ తాళమునకు చెవి సిడెరోఫోరు అను పదార్థము. గ్రీకుభాషలో ఇనుమును మోయునది అని ఈ మాటకు అర్థము. బాక్టీరియా దీనిని వెలికి విడిచి, ఇనుమును గట్టిగా పట్టి, మరల తనలోనికి చేర్చుకొనును. శిలీంధ్రమునకును ఇట్టి సాధనము కలదు గాని దాని పట్టు ఇంత బలమైనది కాదు. ఇనుము దొరకనిచో దాని మొలక సాగదు. మఱి శనగమొక్క మాటయేమి? అది తన వేళ్లనుండి ఆమ్లమును విడిచి ఇనుమును తానే కరగించుకొనగలదు.

ఇది కేవలము ఊహ కాదు. 1980లో అమెరికాయందు క్లోపర్, ష్రాత్ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ బాక్టీరియాను గాని, దాని సిడెరోఫోరును గాని చేర్చగా తెగులు పట్టు నేల తెగులును అణచు నేలగా మాఱినది. తెగులును అణచు నేలకు ఇనుము కలుపగా ఆ రక్షణ తొలగిపోయినది! 1995లో కోయంబత్తూరునందలి విద్యాశేఖరన్, ముత్తమిళన్ అనువారు ఈ బాక్టీరియాను టాల్కు పొడిలో నిలువచేసి, శనగ ఎండుతెగులుపై ప్రయోగించిన ఫలితములను ప్రకటించిరి.

ఇక నేలల పేర్ల సంగతి. ఆమ్లత్వము తగ్గినకొలది ఇనుము కరగుట మిక్కిలి తగ్గును. కన్హార్ నేలలో ఆమ్లత్వము స్వల్పము. కావున అచ్చట ఈ పోరు తీవ్రము. ఆమ్లత్వముగల భాటా నేలలోను, నీరు నిలిచిన వరిమడిలోను ఇనుము సులభముగా లభించును; అచ్చట ఈ ఆయుధమునకు పదను తక్కువ. బాక్టీరియాకు వేఱు ఆయుధములును లేకపోలేదు.

కనుక తెగులును తట్టుకొను వంగడము, పంటమార్పిడి, బాక్టీరియాతో విత్తనశుద్ధి, ఈ మూడును కలిసి నడువవలెను. 1987లో రాయపూరునందు వెలసిన ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయము వంటి సంస్థల సలహా పొంది, తన నేల స్వభావము నెఱిగి వాడుకొను రైతునకే ఈ సూక్ష్మజీవుల మైత్రి ఫలించును.